ఎడంగా రా, బంగారం

మా వదినని ఈ రోడ్డు మీద అందరూ సీటక్క అంటారు. మోటారు సైకిళ్ల సీట్లు కుడుతుంది. పక్కనే నాది పంక్చర్ల కొట్టు. రెండింటికీ మధ్య ఉన్నది ఒక రేకు గోడ మాత్రమే. అటు పక్క ఆమె దారం తెంపితే ఇటు పక్క నాకు వినిపిస్తుంది. ఆమె తిట్లయితే రోడ్డు చివరిదాకా వినిపిస్తాయి.

పెళ్లయి వచ్చిన కొత్తలో వదిన బడి సంచులు కుట్టేది. సీట్ల పని మా అన్నయ్యది. అన్నయ్యకి పని వచ్చు గానీ ఒక చోట కుదురుగా కూర్చోవడం రాదు. ఒక సీటు విప్పి, దాని స్పాంజి కోసమని బజారుకెళ్లి, అక్కడ ఎవరితోనో కబుర్లలో పడి, పొద్దుగూకి వచ్చేవాడు. ఈలోగా బండి తాలూకు మనిషి వచ్చి కొట్టు ముందు గంతులేసేవాడు. అలా ఒకసారి ఎవరో మరీ గట్టిగా అరిస్తే, వదిన సంచుల మిషను పక్కకి తోసి, సీటు తనే ఒళ్లో పెట్టుకుని కుట్టేసింది. ఆ రోజు నుంచి కొట్టు ఆమెది, తిరుగుడు అన్నయ్యది. ఇద్దరికీ అదే బాగుంది.

ఆమె పనిలో ఒక ప్రత్యేకత ఉంది. సీటుకి తోక భాగంలో, రెండు రెక్సిన్ ముక్కలు కలిసేచోట, మిషను కుట్టు నిలవదు. కూర్చునేవాడు దిగేటప్పుడు కాలు అక్కడే రాస్తుంది. ఆ జానెడు మేర వదిన దబ్బనంతో చేత్తో కుడుతుంది, దారాన్ని అటూ ఇటూ వాల్చి. చూస్తే చేప ముల్లులా ఉంటుంది. ఇంకెవరూ అలా కుట్టరు. సీటు అడుగున చిన్న గుడ్డ ట్యాగు కూడా వేస్తుంది, దాని మీద అన్నయ్య ఫోన్ నంబరు.

నంబరు ఎందుకంటే, మా కొట్టు మ్యాపులో తప్పుగా ఉంది. ఎవరు పెట్టారో ఏమో, వెనక వీధిలో పళ్ల డాక్టరు గారి మెట్ల దగ్గర గుర్తు పెట్టారు. జనం సీట్లు చంకన పెట్టుకుని వెళ్లి పళ్ల డాక్టరు గారి ముందు కూర్చుంటారు. ఆయన మామీద కోపంతో మా వీధి మొహమే చూడడు. దారి తప్పినవాళ్లు ట్యాగు మీద నంబరుకి ఫోన్ చేస్తే అన్నయ్య దారి చెప్పేవాడు. దారి చెప్పడమంటే అన్నయ్యకి మహా సరదా. ఎక్కడున్నా చెప్పేవాడు, బండి నడుపుతూ కూడా. ఫోన్‌ని హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఇరికించి, ఎదురుగా వచ్చే బస్సుని వదిలేసి ఎక్కడో ఉన్నవాడికి మలుపులు చెప్పేవాడు. అందరినీ బంగారం అనేవాడు. "నేరుగా రా బంగారం, అర్థమైందా బంగారం."

నాకు ఈ ఫోన్ల బండ్లంటే మొదటినుంచీ ఒళ్లు మంట. నా ముందు నుంచే కదా పోయేది అందరూ. ఒకడు మెడ భుజానికి వాల్చి, మెడ పట్టేసినట్టు పోతుంటాడు. ఒకడు హ్యాండిల్ మీద ఫోన్ బిగించి, రోడ్డు అందులోనే ఉందనుకుని అందులోకే చూస్తూ పోతాడు. ఆడ గొంతు ఒకటి కుడివైపు తిరగండి అంటుంది, ఎదురుగా ఆవున్నా వీడు తిరుగుతాడు. గుంటలో పడి టైరు పగలగొట్టుకుని నా దగ్గరికే వస్తారు, వచ్చి కూడా ఫోన్ వదలరు. వాళ్ల వల్లే నాలుగు మెతుకులు తింటున్నానని వదిన నన్ను వెక్కిరించేది. ఆమె చెయ్యి పోయాక ఆ వెక్కిరింత మానేసింది.

ఆ రోజు కూడా, ఎప్పటిలాగే అదే వేళకి, ఎదుటి హోటల్‌కి నీళ్లు తెచ్చిన ట్యాంకర్ మా కొట్ల ముందు ముందుకీ వెనక్కీ తీస్తున్నారు. ఎండ. వదిన కొట్టు ముందు నేల మీద రెక్సిన్ పరిచి, చాక్‌పీసుతో గీతలు గీస్తోంది. కుడి చెయ్యి రెక్సిన్ మీద చాపి ఒత్తిపెట్టి ఉంది. ట్యాంకర్‌కి కుడి పక్కన రోడ్డంతా ఖాళీ. ఎడం పక్కన, ట్యాంకర్‌కీ కొట్టుకీ మధ్య, వదిన. ఒక బండి ఆ రోడ్డంతా వదిలేసి ఈ సందులోకి దూరింది. దాని ముందు చక్రం వదిన చేతి మీదుగా ఎక్కి దిగింది. వెనక చక్రం కూడా.

నేను లోపల గాలి మిషను దగ్గర ఉన్నాను. అరుపు విని పానా పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి వాడు ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూసి, బండి లాగించుకుని పోయాడు. నేను విసిరిన పానా ట్యాంకర్‌కి తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, తగలాల్సినచోట తగల్లేదని.

వదినని ఎత్తి కూర్చోబెట్టి, చేతికి గుడ్డ చుడుతున్నాం. అప్పుడే అన్నయ్య వచ్చేశాడు. మేమెవ్వరం ఫోన్ చెయ్యలేదు, చేసే తీరికేది. బజారు నుంచి బండి మీద దూసుకొచ్చి, రెక్సిన్ చుట్టలు రోడ్డు మీద దొర్లిపోతున్నా చూడకుండా, వదిన ముందు కూలబడి ఏడ్చాడు. మనసు చెప్పింది కాబోలు, ఆలుమగలంటే అలా ఉండాలని రోడ్డు మీద వాళ్లంతా అన్నారు. నేనూ అన్నాను.

చెయ్యి నిలిచింది గానీ పనికి రాకుండా పోయింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మడవవు, పట్టవు. దబ్బనం పట్టాల్సినవి అవే. ఆసుపత్రి మంచం మీద వదిన కళ్లు తెరిచి అడిగింది చెయ్యి గురించి కాదు. బండి నంబరు ఎవరైనా చూశారా అని. ఎవరూ చూడలేదు. పోలీసులు కూడా నంబరే అడిగారు. వదిన చూసింది ఒక్కటే. నేల మీద పడి ఉండగా తన కళ్లకి ఎదురుగా వెళ్లిపోతున్న సీటు తోక.

"అది నా కుట్టే" అంది నాతో. "మెరూన్ రెక్సిన్. పసుపు దారం మధ్యలో అయిపోతే తెల్లదారంతో ముగించాను. అలాంటిది ఒక్కటే కుట్టాను."

బళ్లో డ్రిల్లు మాస్టారికి కుట్టింది అది. అన్నయ్యని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన ఆ బండి ఎప్పుడో పాత బండ్ల దుకాణంలో అమ్మేశాడు. ఆ దుకాణం వాళ్లు ఎవరికి అమ్మారో వాళ్లకే గుర్తులేదు. అక్కడితో దారి మూసుకుపోయింది.

నా చేత్తో కుట్టిన సీటు మీద కూర్చుని నా చెయ్యే తొక్కాడు అని వదిన అనేది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమె పళ్లు పటపటలాడేవి. జాలిపడేవాళ్లని దగ్గరికి రానిచ్చేది కాదు. పోనీలే, ప్రాణం దక్కింది అని ఎవరైనా అంటే, మీ చెయ్యి ఇలా పెట్టండి, బండి ఎక్కిస్తాను, తర్వాత పోనీలే అనుకుందురు అనేది. ఎడం చేత్తో కుట్టడం నేర్చుకుంది. మొదట్లో కుట్లు తాగుబోతు నడిచినట్టు పడేవి. రక్తం కారేది, తిట్టుకునేది, విప్పి మళ్లీ కుట్టేది. ఆ ఎడం చేతికి పని నేర్పింది పగే అని నేను అనుకుంటాను. కూడు కోసమైతే ఆమె సంచులు కుట్టుకునేది.

ఆ రోజుల్లో అన్నయ్య పూర్తిగా మారిపోయాడు. బండి మీద ఫోన్ ఎత్తడం మానేశాడు. ట్యాగుల మీద నంబరు తీయించేశాడు. వంట, గిన్నెలు, వదిన జడ వెయ్యడం కూడా తనే. నేను మా ఆవిడ దగ్గర మా అన్నయ్య లాంటి మనిషి లేడని గొప్పలు పోయాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, అయితే నా జడ ఎవరు వేస్తారు అంది.

చెయ్యి కుదురుకున్నాక వదిన కొట్టు ముందు ఒక బోర్డు పెట్టించింది. చేపముల్లు కుట్టు ఉన్న మా పాత సీట్లు తెస్తే ఉచితంగా మళ్లీ కుట్టి ఇస్తామని. అన్నయ్య ఒప్పుకోలేదు. ఊరికే చాకిరీ ఎందుకు, చెయ్యి నొప్పెడుతుంది, పోయిందేదో పోయింది అని నసిగాడు. వదిన వింటేగా. ఎరకి చేప వస్తుందా రాదా అన్నదే ఆమె లెక్క. నాకు ఒక దబ్బనం ఇచ్చి నా ఆకురాయి మీద సన్నగా నూరి ఇమ్మంది. ఎందుకో చెప్పింది కూడా. సీటు స్పాంజిలో దబ్బనాన్ని మొన పైకి ఉండేలా నిలబెట్టి కుట్టేస్తే, మొదట ఏమీ తెలియదు. మనిషి బరువుకి స్పాంజి అణిగేకొద్దీ మొన పైకి వస్తుంది. ఒక రోజు బండి మంచి వేగంలో ఉన్నప్పుడు తెలుస్తుంది.

నేను దాన్ని తళతళలాడేలా నూరి ఇచ్చాను. నా మనసు ఇసుమంతైనా వెనక్కి లాగలేదు.

పాత సీట్లు చాలా వచ్చాయి. వదిన ప్రతిదాని తోకా ఎడం చేత్తో తడిమేది. నల్లవి, నీలివి, దారం రంగు మారనివి. ఉచితమన్నాక జనానికి కొదవా. కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుంది పాపం, కూర్చుని అందరివీ కుట్టి ఇచ్చింది.

ఒక ఉదయం నీళ్ల ఫిల్టర్లు బిగించే మనిషి ఒకడు వచ్చాడు. లావుగా, మెత్తగా మాట్లాడే మనిషి. బండికి ఒక పక్క పైపుల సంచి, హ్యాండిల్ మీద ఫోన్ పెట్టుకునే పట్టీ. సీటు విప్పి వదిన ముందు పెట్టాడు. మెరూన్ రెక్సిన్ వెలిసిపోయి ఉంది. తోక దగ్గర పసుపు దారం, చివర్లో తెలుపు. వదిన చెయ్యి దాని మీద ఆగింది. రేకు గోడ పక్క నుంచి నా వైపు ఒక చూపు చూసింది.

సాయంత్రానికి ఇస్తాను, వెళ్లి రమ్మంది మామూలుగా. సీటు లేని బండి మీద ఎక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాను అన్నాడతను. నా పాత టైర్ల మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి వదిన చేతినే చూస్తున్నాడు. నేను టైరు లివరు చేతిలోకి తీసుకుని, కింద పెట్టి, మళ్లీ తీసుకున్నాను. వదిన కళ్లతోనే వద్దంది.

రెక్సిన్ విప్పింది. కొత్త స్పాంజి వేసింది. అందులో దబ్బనం నిలబెట్టింది. పైన రెక్సిన్ లాగి చుట్టూ పిన్నులు కొట్టింది. తోక కుట్టు మాత్రమే మిగిలింది. అప్పుడు అతన్ని పిలిచింది. ఎందుకు పిలిచిందని తర్వాత అడిగాను. ఊరికే గుచ్చి పంపితే ఎవరు గుచ్చారో వాడికి తెలియొద్దా అంది.

అతను దగ్గరికి రాగానే కుడి చెయ్యి సీటు మీద పెట్టింది. "ఈ చెయ్యి తెలుసా నీకు?"

"తెలుసక్కా."

తెలిసే వచ్చాడట. బోర్డు చూడగానే తననే పిలుస్తున్నారని అర్థమైందట. రోడ్డు చివరిదాకా వచ్చి చాలాసార్లు వెనక్కి పోయాడట. ఆ రోజు ఎందుకు పారిపోయావంటే నా చేతిలోని పానా చూసి భయపడ్డానని చెప్పాడు. నేను ఇంకోటి విసరనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

"కుడి పక్క రోడ్డంతా ఖాళీ" అంది వదిన. "ఎడం పక్క నేనున్నాను. ఎందుకు తిప్పావు?"

"ఫోన్‌లో ఎడం అన్నారక్కా."

నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చి అతని కాలర్ పట్టుకున్నాను. నెపం మ్యాపు మీద తోస్తున్నావా అన్నాను. మ్యాపు కాదన్నాడు. సీటు కుట్టించుకోవడానికి మా కొట్టుకే వస్తుంటే మ్యాపు తనని పళ్ల డాక్టరు గారి మెట్ల దగ్గర దింపిందట. ఆ బండి అప్పుడే కొన్నాడట, సీటు అడుగున ట్యాగు మీద నంబరు చూసి ఫోన్ చేశాడట. ఒకాయన దారి చెబుతుంటే ఫోన్ హెల్మెట్‌లో దూర్చుకుని నడిపాడట.

"ఆయన కూడా బండి మీదే ఉన్నట్టున్నారు. గాలి హోరు, హారన్లు. 'ట్యాంకర్ కనిపిస్తోందా, దానికి ఎడంగా రా బంగారం, అర్థమైందా బంగారం' అన్నారు. ఎడం పక్కకే తిప్పాను. మీరు అరిచారు. ఆయన అయ్యో అన్నారు, ఫోన్ కట్ అయింది. తర్వాత మీరు బతికారో లేదో అడుగుదామని చాలాసార్లు చేశాను. ఎత్తలేదు."

నా చెయ్యి అతని కాలర్ మీద నుంచి దానంతటదే జారిపోయింది. వెనక ఎవరో నిలబడి ఉన్నారు. అన్నయ్య, చేతిలో టీ గ్లాసులతో. ఎంతసేపట్నుంచి ఉన్నాడో. వదిన ఆయన వైపు చూడలేదు. తన చేతినే చూసుకుంటోంది. అన్నయ్యే అన్నాడు.

"నేనన్నది ఎడంగా రమ్మని. దూరంగా అని. ఎడం పక్కకని కాదు."

ఆ సంగతి మీద ఇన్నాళ్ల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. ఫిల్టర్ల మనిషి ఆ గొంతు గుర్తుపట్టి నోరు వెళ్లబెట్టాడు.

"నా అరుపు వినిపించిందా?" అని వదిన అన్నయ్యని అడిగింది.

"వినిపించింది."

"నాదని తెలిసిందా?"

తెలిసిందని తలాడించాడు. గ్లాసుల్లో టీ ఒలికి వేళ్లు కాలుతున్నా వదల్లేదు. మేము ఫోన్ చెయ్యకముందే ఎలా వచ్చాడో నాకు అప్పుడు తెలిసింది. మనసు చెప్పలేదు, హెల్మెట్‌లో ఫోన్ చెప్పింది. ఆ మనిషి నంబరు జేబులోనే పెట్టుకుని, నాతో పాటు డ్రిల్లు మాస్టారి ఇంటికీ, పాత బండ్ల దుకాణానికీ తిరిగాడు. వదిన ఎడం చెయ్యి రక్తం కారుతుంటే పక్కన కూర్చుని గుడ్డ చుట్టాడు. నాకు తోడబుట్టినవాడే గానీ, ఆ క్షణాన నా చేతిలో పానా లేకపోవడం ఆయన అదృష్టం.

వదిన పిన్నులు పీకింది. రెక్సిన్ మళ్లీ ఎత్తి, స్పాంజిలోంచి దబ్బనం బయటికి తీసింది. ఫిల్టర్ల మనిషి దాన్ని చూసి, తను దేని మీద కూర్చోబోయాడో తెలిసి, చెమటలు తుడుచుకున్నాడు. వదిన అతని ముందు ఎడం చెయ్యి చాపింది.

"ఫోన్ ఇవ్వు."

ఇచ్చాడు. స్పాంజికి ఒక పక్క గుంట కోసి, అందులో ఫోన్ పెట్టి, రెక్సిన్ లాగి పిన్నులు కొట్టింది. తోక చేపముల్లు కుట్టింది, ఈసారి మొత్తం ఒకే రంగు దారంతో. పారిపోయినందుకు నీకిది అంది. ఇంటికి వెళ్లి కోసుకుంటావో, సీటు మీద మనసు పడి అలాగే ఉంచుకుంటావో నీ ఇష్టం అంది. అతను మారుమాట లేకుండా సీటు బిగించుకున్నాడు. హ్యాండిల్ మీది పట్టీ తనే విప్పి నా చెత్తబుట్టలో వేశాడు. బండి కదిలి నాలుగు బారలు పోయిందో లేదో, అతని కిందనుంచి ఆడ గొంతు ఎడమవైపు తిరగండి అంది. అతను తిరగలేదు. రోడ్డు మధ్యగా, అటూ ఇటూ చూసుకుంటూ, నడిచేవాళ్లకంటే నెమ్మదిగా పోయాడు.

వదిన దబ్బనాన్ని గుడ్డతో తుడిచింది.

"మీ బండి సీటు విప్పి తెండి" అంది అన్నయ్యతో.

అన్నయ్య కదల్లేదు. వదిన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆయన ఇప్పటికీ అంటాడు. చివరికి ఆయనే విప్పి తెచ్చి ఒళ్లో పెట్టాడు. ఆయన్ని బయటికి పంపి, తలుపు వేసుకుని కుట్టింది. నాకు కూడా రేకు గోడ అవతల దారం చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. సీటు తెచ్చి ఇస్తూ ఒక్క మాట అంది.

"ఇవాళ్టి నుంచి ఇంట్లో నాకు ఎడంగా ఉండండి. దూరంగా అని. అర్థమైందా, బంగారం?"

అన్నయ్య పక్క ఇప్పుడు వసారాలో. వంట తనే చేస్తాడు, తిన్నావా అని అడగడానికి మాత్రం నన్ను పంపుతాడు. కొట్టుకి కావాల్సిన రెక్సిన్, స్పాంజి ఆయనే తేవాలి, ఆ బండి మీదే తేవాలి. వేరే సీటు వేయించుకోవడానికి వీల్లేదు. ఆ దబ్బనం మళ్లీ నేను చూడలేదు. వదిన దాన్ని తగిలించే గోడ మేకు ఖాళీగా ఉంది.

పొద్దున్నే బండి తీసే ముందు నా కొట్టు దగ్గర ఆగుతాడు. సీటు ఒకసారి నొక్కి చూడరా అని బతిమాలతాడు. నేను నొక్కను. నా వేళ్లు నాకు కావాలి అంటాను. ఆయన రెండు కాళ్ల మీద సగం లేచి, సీటుకి తగిలీ తగలకుండా, అలాగే బజారుదాకా పోతాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంటుంది. వదిన తలెత్తి, ఆయన మలుపు తిరిగేదాకా చూసి, ఎడం చేత్తో సూదిలోకి దారం ఎక్కిస్తుంది.